కీమోతో కోలుకుని పసుపుకు పేరా?

నాలుగో దశ క్యాన్సర్ నుంచి తన భార్య 40 రోజుల్లో బయటపడిందని, అదంతా నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, తులసి మహిమేనన్నట్టు మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ 2024 నవంబరులో అమృత్‌సర్‌లో చెప్పిన మాటలు ఇంటింటి వాట్సాప్‌లో తిరిగాయి. ఆమె కోలుకున్నందుకు సంతోషం. కానీ ఆమెకు సర్జరీ చేశారు, కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) ఎక్కించారు. వీడియో ముక్కల్లో ఆ సంగతే లేదు.

ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, పూర్వ వైద్యులు సంతకాలు పెట్టి, ఇలాంటివి నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దని చెప్పాల్సి వచ్చింది. విమర్శలు వచ్చాక, డాక్టర్ల సలహాతోనే ఆ పథ్యం పాటించామని సిద్ధూ వివరణ ఇచ్చారు. మొదటి వీడియో వెళ్లిన ప్రతి ఫోనుకూ ఆ వివరణ వెళ్లిందా?

కీమో అంటే జనానికి ఉన్న భయం ఉత్తది కాదు. దువ్వెనకు కుచ్చులుగా ఊడొచ్చే జుట్టు, నోరంతా పూసి గంజి కూడా దిగని రోజులు చూసినవాళ్లకు తెలుసు. అన్ని క్యాన్సర్లకూ అది ఒకేలా పనిచేయదు, అదీ నిజమే. అంతమాత్రాన పనిచేసినచోట దాని పేరు చెరిపేస్తారా?

1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే కీమో మందు ఇస్తే, 10 మందిలో కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ మందు తయారుచేసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నారు. ఒకప్పుడు నెలల్లో ప్రాణం తీసిన పిల్లల లుకేమియా నుంచి, మంచి వైద్యం అందే దేశాల్లో ఇప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. పసుపూ వేపా అప్పుడూ మన పెరట్లోనే ఉన్నాయి. అయినా ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతకలేదు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చింది కూడా ఇదే: క్యాన్సర్ ఇంకా పాకని దశలో అసలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్నవారికి వైద్యం చేయించుకున్నవారితో పోలిస్తే మరణం ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ములో గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు రావలసిన మనిషి, అది పుండై చీము కారుతుంటే ఆస్పత్రి మెట్లెక్కితే డాక్టరు మాత్రం ఏం చేయగలడు?

ఆస్పత్రిలో కీమో చేయించుకుని, మైకు ముందు పసుపుకు పేరు కట్టబెట్టడం తప్పు. పేరున్నవాళ్లు చేస్తే మరీ తప్పు. ఏ సర్జరీ చేశారో, ఎన్ని విడతల కీమో పడిందో, ఏ మందులు వాడారో మళ్లీ అదే మైకు ముందు కూర్చుని అంతే గట్టిగా చెప్పండి. ఆ 40 రోజుల కథను గంటగంటకూ వేసిన చానళ్లూ, దీన్ని కూడా అన్నిసార్లు వేయండి.