హెల్మెట్‌లో కొలువున్న సెన్సార్ గారికి

మహారాజశ్రీ సెన్సార్ గారి దివ్యసముఖమునకు, తల మీద హెల్మెట్ ఉందని తమరు సంకేతం పంపితేనే కదిలే బండితో నిన్న మధ్యాహ్నమంతా బెంగళూరు మారతహళ్ళి వంతెన దగ్గర తమరి అనుమతి కోసం పడిగాపులు పడిన ఒక తెలుగువాడు నమస్కరించి చేసుకొనే విన్నపము.

తల మీద హెల్మెట్ ఉంది, గడ్డం కింద పట్టీ బిగించి ఉంది. అయినా తమరి బ్యాటరీ అయిపోయి బండిని స్టార్ట్ కానిచ్చే రిలే అనే స్విచ్చుకు సంకేతం అందకపోవడంతో, హెల్మెట్ పెట్టుకొని ఎండలో నిలబడినవాణ్ణే హెల్మెట్ లేనివాడిగా తేల్చారు. బ్యాటరీ నీరసించే ముందు ఒక ఎర్ర దీపమైనా వెలిగించాలని తమరిని తయారుచేసినవారికి తోచలేదు, పోనీయండి. శానిటైజర్ రుద్దుకున్నవాణ్ణి తాగుబోతు అనుకొనే తమరి సోదరుడు, ఆ మద్యం సెన్సార్ సంగతీ పోనీయండి.

నేను మరవలేనిది పట్టీ విషయం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ తల మీద ఉంటే చాలనలేదు, పట్టీతో గట్టిగా బిగించి ఉండాలన్నది. బిగించని హెల్మెట్ మనిషి పడేలోపే తలను వదిలి ఎగిరిపోవచ్చు. తమరేమో లోపలి మెత్త మీద కాస్త ఒత్తిడి తగిలితే చాలు, తల వచ్చిందని మురిసిపోతారు. మా పక్కింటి సుపుత్రుడు పాత తువ్వాలును ఉండచుట్టి హెల్మెట్‌లో కుక్కి, దాన్ని మోచేతికి తగిలించుకొని, ఉంగరాల జుట్టును గాలికి వదిలి, తమరి ఆశీస్సులతోనే ఔటర్ రింగ్ రోడ్డు మీద విహరిస్తున్నాడు. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ హెల్మెట్ లేనివాడికి 1000 రూపాయల జరిమానాతో పాటు 3 నెలల లైసెన్సు అనర్హత కూడా చెప్పింది గాని, తల వేషం వేసిన తువ్వాలును పట్టుకోవలసింది తమరే కదా! బకిల్‌లో ఒక చిన్న అయస్కాంతం, ఎదురుగా అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే ఒక రీడ్ స్విచ్ పెట్టి, పట్టీ బిగిస్తేనే సంకేతం వెళ్ళేలా చేయడం బ్రహ్మవిద్యా?

ఇంతసేపూ తమరన్నాను, ఇక నా వల్ల కాదు. నువ్వు కాపలా కాయవలసింది తలకాయకా, స్పాంజికా?

రిలే వైర్లు రెండూ కలిపేస్తే నీ పీడ విరగడవుతుందని, టీ ఖర్చులిస్తే చాలని మా మెకానిక్ అన్నాడు. వద్దన్నాను. ఎన్నేళ్ళు మొత్తుకున్నా నా మాట వినని మావాడు, నువ్వు బండి కదలనివ్వవనే భయంతోనే హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. అందుకే నీకు కొత్త బ్యాటరీ వేయిస్తున్నాను. పట్టీ మాత్రం రోజూ గేటు దగ్గర నిలబడి నేనే బిగించి పంపుతున్నాను.

ఇట్లు,
తల ఉన్న వినియోగదారుడు