కరెంటుకూ ఒక కోల్డ్ స్టోరేజీ

ఏప్రిల్‌లో యార్డుకు సరుకు పోటెత్తి రేటు పడిపోతే గుంటూరు మిర్చి రైతు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో వేసి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికెళ్తాడు. ధర వచ్చినప్పుడు తీస్తాడు. మన కరెంటు వ్యవస్థకు ఈ తెలివి ఇంకా పూర్తిగా అబ్బలేదు. మిట్టమధ్యాహ్నం సీమ సోలార్ పార్కుల నుంచి కరెంటు వెల్లువెత్తుతుంది. పొద్దు వాలి, బెజవాడలో ఏసీలు ఒక్కొక్కటే ఆన్ అయ్యే వేళకు ఆ కరెంటు ఉండదు.

మధ్యలో నలిగేది ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. జనం నోట అది విటిపిఎస్. 210 మెగావాట్ల పాత యూనిట్లు ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. పాత యూనిట్లను రాత్రింబవళ్లు ఒకే లోడు మీద నడపడానికే కట్టారు. ఇప్పుడేమో మధ్యాహ్నం తగ్గాలి, సాయంత్రం పరుగెత్తాలి. బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతం దాకా దిగగలగాలని, దశలవారీగా 40 శాతానికి రావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన పెట్టింది. అంటే 800 మెగావాట్ల యూనిట్ ముందు 440కి, తర్వాత 320కి దిగాలి. బాయిలర్ గ్యాస్ పొయ్యి కాదు, నాబ్ తిప్పితే తగ్గడానికి. లోడు మరీ తగ్గితే మంట నిలబడటానికి ఆయిల్ పోయాలి. రోజూ వేడెక్కి చల్లారే ట్యూబులు పగుళ్లిస్తాయి. పూర్తిగా చల్లారిన బాయిలర్‌ను లేపడానికి గంటలు పడుతుంది. యూనిట్‌ను తగ్గించి నడిపినా ఫిక్స్‌డ్ చార్జీలు, అంటే ఎంత కరెంటు తీసినా కేంద్రానికి కట్టాల్సిన స్థిర ఖర్చులు, ఆగవు. అవి చివరికి చేరేది మన బిల్లులోకే.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో తలపెట్టిన పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) లాంటివి ఇంకా రావాల్సిందే. కానీ నిల్వ అంటే సీమ కొండలే అనుకోవడం పొరపాటు. విటిపిఎస్ ఆవరణలోనే బ్యాటరీలు ఎందుకు పెట్టకూడదు? కరెంటును లైన్లకు కలిపే స్విచ్‌యార్డు ఉంది, లైన్లు ఉన్నాయి, మధ్యాహ్నం యూనిట్లు తగ్గినప్పుడు ఆ లైన్లలో ఖాళీ కూడా ఉంటుంది. గ్రిడ్‌లో మిగిలిన కరెంటును అదే దారిలో తెచ్చి నింపుకోవచ్చు. సాయంత్రం బ్యాటరీ క్షణాల్లో అందుకుంటే బాయిలర్ తన నడకన తాను పైకి వస్తుంది. వంద మెగావాట్ల బ్యాటరీ రెండు గంటలు నడిస్తే రెండు లక్షల యూనిట్ల కరెంటు. ఒక పాత థర్మల్ యూనిట్ పక్కన ముందు అంత పెట్టి, ఒక వేసవి నడిపి, ఎంత ఆయిల్ మిగిలిందో, ఎన్ని ట్యూబ్ లీకులు తగ్గాయో లెక్క బయటపెట్టమని మేము కోరుతున్నాం. బొగ్గు కరెంటుతోనే బ్యాటరీ నింపితే మాత్రం ఇదంతా దండగ. నింపి తీసే లోపు కొంత పోతుంది కాబట్టి కాల్చాల్సిన బొగ్గు ఇంకా పెరుగుతుంది.

ఇంకో నిల్వ మన కళ్లెదుటే ఉంది. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలే అది. సోలార్ వేళల్లో టారిఫ్ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. ఆ తేడా యజమానికి బిల్లులో స్పష్టంగా కనిపిస్తే, కంప్రెసర్లను మధ్యాహ్నం గట్టిగా తిప్పి గదులను ఒకటి రెండు డిగ్రీలు అదనంగా చల్లబరుచుకుంటాడు, పీక్ వేళ ఆపేస్తాడు. ఇన్సులేషన్ బాగున్న గదిలో మళ్లీ ఆన్ చేసే దాకా మిర్చికి వచ్చిన ఇబ్బందేమీ ఉండదు.