మెకానిక్‌ని పైలట్‌ని చేశారు, సినిమా కూలింది

1970 నాటి హాలీవుడ్ సినిమా ‘ఎయిర్‌పోర్ట్’ పేరెత్తితే అందరూ బాంబు గురించే మాట్లాడతారు. బీమా డబ్బు భార్యకు అందాలని బ్రీఫ్‌కేసులో డైనమైట్ పెట్టుకుని రోమ్ విమానం ఎక్కిన నిరుద్యోగి కథ తెలిసిందే. అమెరికాలో ప్రయాణికులందర్నీ తనిఖీ చేసే పద్ధతి 1973లో గానీ రాలేదు కాబట్టి, పెట్టె తెరవమని అతణ్ని అడిగినవాళ్లు లేరు. సరే. మొన్న మళ్లీ చూస్తుంటే గమనించాను, ఆ బాంబు పేలేసరికి సినిమా చివరికొచ్చేస్తుంది. అంతసేపూ మనల్ని కుర్చీలోంచి లేవనివ్వంది మంచు.

లింకన్ ఇంటర్నేషనల్ అనే కల్పిత విమానాశ్రయం. తుపాను రాత్రి. అప్పుడే దిగిన ఒక బోయింగ్ 707 మలుపు దగ్గర మంచులో కూరుకుపోయి పెద్ద రన్‌వేకి అడ్డంగా నిలిచిపోయింది. ఉన్న ఇంకో రన్‌వే మీంచి విమానాలు లేస్తే పక్క కాలనీవాళ్ల చెవులు పగిలిపోతున్నాయి, వాళ్లు గొడవకొచ్చారు. మేనేజర్ (నటుడు బర్ట్ లాంకాస్టర్) ఇంటికి పోలేక ఫోన్లోనే భార్యతో తగవు పడుతున్నాడు. ఈ గందరగోళంలోకి చుట్ట నములుతూ దిగుతాడు జో పట్రోనీ, మెయింటెనెన్స్ చీఫ్. జార్జ్ కెనడీ వేసిన ఆ పాత్రే సినిమాకి ప్రాణమని నా వాదన.

అతను చేసేదేముంది? మనుషుల్ని పెట్టి చక్రాల ముందు మంచు తవ్విస్తాడు. ఇంజన్లు కాస్త పెంచి భయపడి ఆపేసిన పైలట్ మీద విసుక్కుని, తనే ఆ సీట్లో కూర్చుంటాడు. ఇంకోవైపు మంచు తోసే బండ్లు వరసకట్టి ఉన్నాయి. టైముకి విమానం కదలకపోతే దాన్ని తుక్కుతుక్కు చేసైనా పక్కకు నెట్టేస్తారు. పైన బాంబు పేలి గాయపడిన రోమ్ విమానం దిగడానికి వచ్చేస్తోంది. పట్రోనీ థ్రాటిల్ చివరిదాకా నెడతాడు, విమానం మొత్తం గజగజలాడుతుంది, ఉన్నట్టుండి మంచులోంచి బయటపడుతుంది. పుస్తకం ప్రకారం ఇది అసాధ్యం కదా అంటాడు పక్కనున్నవాడు. 707కి చదవడం తప్ప అన్నీ వచ్చు, అదే దానిలో మంచి గుణం అంటాడు పట్రోనీ. యాభై ఏళ్లు దాటినా నాకు ఆ ఒక్క సీన్లో టెన్షన్ తగ్గలేదు. అక్కడ తుపాకీ లేదు, విలన్ లేడు. పారలు, టైము, పని తెలిసిన ఒక మనిషి.

ఇది మూల రచయిత ఆర్థర్ హెయిలీ చలవ. ఒకసారి హోటల్, ఒకసారి విమానాశ్రయం, ఒకసారి కార్ల ఫ్యాక్టరీ పట్టుకుని, లోపల ఎవరు ఏ పని ఎలా చేస్తారో తెలుసుకుని నవల రాసేవాడాయన.

దీన్ని సీరియల్ ఏడుపు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. లాంకాస్టరే దీన్ని చెత్త అని తిట్టుకున్నాడు. ఆ పెళ్లాల గొడవలు, పైలట్ ప్రేమ వ్యవహారం ఇవాళ చూస్తే నాకూ ఆవలింతలొస్తాయి. పది ఆస్కార్ నామినేషన్లలో ఒక్కటే గెలిచింది, అదీ దొంగ ప్రయాణాలు చేసే ముసలమ్మగా హెలెన్ హేస్‌కి. 1980లో ‘ఎయిర్‌ప్లేన్!’ వచ్చి ఈ తరహా సినిమాలన్నిటినీ ఆటపట్టించింది. తమాషా ఏంటంటే, ఆ వెక్కిరింతకి వాడుకున్న 1957 నాటి పాత సినిమా కథ కూడా హెయిలీదే.

నా వాదనకి అసలు సాక్ష్యం వేరే ఉంది: దీని కొనసాగింపులు. 1974లో పైలట్లు లేని జంబో జెట్‌ని ఎయిర్‌హోస్టెస్ నడిపింది. 1977లో జంబో జెట్ ఏకంగా సముద్రం అడుక్కి పోయింది. 1979లో ధ్వనికంటే వేగంగా పోయే కాంకార్డ్ విమానం మీదికి క్షిపణులొచ్చాయి. నాలుగింటిలోనూ కెనడీ ఉన్నాడు. కానీ నాలుగోదానికి వచ్చేసరికి మన పట్రోనీని కాంకార్డ్ కెప్టెన్‌ని చేసేశారు! కిటికీ తెరిచి ఫ్లేర్ గన్‌తో, అంటే మండే వెలుగు గుండ్లు పేల్చే పిస్తోలుతో, క్షిపణిని దారి మళ్లించబోతాడు. పార పట్టించిన మనిషి చేతికి పిస్తోలిచ్చారు. ప్రమాదం పెరిగేకొద్దీ పని మాయమైంది, పనితో పాటే మన నమ్మకం కూడా. ఆ సిరీస్ అక్కడితో ఆగిపోయింది.

మన తెలుగు సినిమాకి పట్టిన జబ్బూ ఇదే. హీరో ఇంజినీర్ అంటారు, ఒక్క బోల్టు బిగించడు. రైతు అంటారు, పంచె నలగదు. డాక్టరైతే రెండో సగంలో స్టెతస్కోప్ మెళ్లోంచి తీసి ఎవడి పీకకో చుడతాడు. పని చూపిస్తే జనం లేచిపోతారని నిర్మాతల భయం. మంచు తవ్వడం చూడ్డానికి జనం ఎగబడి ఆ సినిమాకి పది కోట్ల డాలర్ల పైన వసూలు చేసిపెట్టారు మరి!

సంక్రాంతి ముందు రాత్రి హైదరాబాద్‌లో బస్సులు బారులు తీరి బయల్దేరతాయి. అవి కదలడానికి గంట ముందు, డిపోలో ఒక మనిషి నోట్లో టార్చి కరచుకుని బస్సు కింద వెల్లకిలా పడుకుని బ్రేకులు చూస్తుంటాడు. బయట డ్రైవరు హారన్ కొడుతుంటాడు, ప్రయాణికులు అరుస్తుంటారు. ఎవరైనా ఆ గంట మీద సినిమా తీస్తే, మార్నింగ్ షోకి మొదటి టికెట్ నాదే.