వంతెనకు పైకప్పు ఎందుకో చెప్పండి, పిల్లల్ని బలిస్తారని మాత్రం చెప్పకండి

ఈ వారం నా ఫోన్‌కి ఒకే మెసేజ్ అన్ని వైపుల నుంచీ వచ్చిపడింది. బెంగళూరు మార్తహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఒకరు పెట్టారు, అనంతపురంలో కలిసి చదువుకున్నవాళ్ల గ్రూపులో ఇంకొకరు పెట్టారు, చివరికి మా పిన్ని కూడా పంపింది. "పైకప్పు వంతెనల వెనుక ఆరు రహస్యాలు" అని దాని పేరు. అమెరికా, కెనడా, వియత్నాం దేశాల్లోని చెక్క వంతెనల ఫొటోలు, వాటి కింద ఆరు పాయింట్లు. గుర్రాలు బెదరకుండా పైకప్పు వేశారట. దారిలో మంచు పేరుకోకుండా కూడా వేశారట. వియత్నాం వంతెన మనవాళ్లు కట్టిందేనట. వీటిలో దయ్యాలున్నాయట. ఐదోది: ప్రతి పెద్ద వంతెన పునాదిలోనూ ఒక మనిషిని పాతిపెట్టారని, ఇప్పటికీ మెట్రో, ఫ్లైఓవర్ పిల్లర్ల కోసం పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని, వీధిలో కొత్త మొహాలు కనిపిస్తే నమ్మొద్దని. ఆరోది, ఒక్క ఇనుప మేకు కూడా వాడలేదని. చివర్లో మామూలే, కనీసం పదిమందికి పంపమని.

పంపినవాళ్లంతా మంచివాళ్లే. ఫొటోలు బాగున్నాయని పంపి ఉంటారు. ఐదో పాయింట్ చదివాక కూడా పంపారా అన్నదే నా బాధ.

గుర్రాల మాట సగం నిజం, ఒప్పుకుంటాను. పక్కల చెక్కలు కొట్టి ఉంటే కింద పారే నీళ్లు పశువుల కంట పడవు, అవి కాస్త నిమ్మళంగా దాటుతాయి. కానీ అది తర్వాత కలిసొచ్చిన లాభం. పైకప్పు వేసింది చెక్క కోసం. బరువు మోసేది రెండు పక్కలా నిలబెట్టిన దూలాల చట్రం. దూలం దూలంలో దూర్చిన అతుకుల్లోకి వాన నీళ్లు చేరితే అక్కడి నుంచే పుచ్చడం మొదలవుతుంది. కింద నడిచే పలకలు అరిగితే మార్చుకోవచ్చు, చట్రం పుచ్చితే వంతెనే పోతుంది. మన ఊళ్లలో మట్టి ప్రహరీ మీద బోదగడ్డి కప్పేది ఎందుకో ఇదీ అందుకే. ఫిలడెల్ఫియాలో 1805లో షూల్కిల్ నది మీద వంతెన కట్టిన తిమోతీ పామర్ లెక్క కూడా ఇదే: కప్పకపోతే 10, 12 ఏళ్లు, కప్పితే 30, 40 ఏళ్లు. చివరికి దానికి కప్పు వేశారు.

గుర్రాల గురించి చెప్పుకోదగ్గ విషయం ఇంకోటుంది. న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్ని కలిపే కార్నిష్-విండ్సర్ వంతెన 1866 నాటిది. ఇప్పటికీ దాని మీద కార్లు వెళ్తున్నాయి. దాని నెత్తిన పాత బోర్డు: గుర్రాన్ని నడిపించండి, లేదంటే రెండు డాలర్ల జరిమానా. గుర్రాలు పరుగెత్తితే ఆ అదురు చట్రానికి తగులుతుంది. అంటే వంతెన కోసం గుర్రాన్ని అదుపులో పెట్టారు. మెసేజ్ దాన్ని తిరగేసింది.

మంచు పాయింట్ పూర్తిగా తప్పు. చలికాలంలో అక్కడివాళ్లు స్లెడ్జి బళ్ల మీద తిరిగేవాళ్లు, వాటికి కింద మంచు ఉండాలి. పైకప్పు వల్ల లోపల మంచు పడక, ఊళ్లు డబ్బులిచ్చి మరీ మనుషుల చేత బయటి మంచు లోపలికి మోయించి పరిపించేవి.

వియత్నాంలోని హోయిఆన్ వంతెన సంగతికొస్తే, అది మనవాళ్లు కట్టింది కాదు. సుమారు 400 ఏళ్ల కిందట ఆ రేవులో స్థిరపడ్డ జపాను వర్తకులు కట్టుకున్నది. మెసేజ్‌లో చెప్పిన రాక్షసి కథ మాత్రం అక్కడ నిజంగానే చెప్పుకుంటారు. దాని తల భారతదేశంలో, తోక జపానులో, వెన్ను సరిగ్గా ఆ వంతెన కింద ఉంటుందట. అది కదిలితే భూకంపం. వంతెన దాని వీపున దిగిన కత్తి. ఎంత మంచి కథ! ఆ రేవుకొచ్చే ఓడలవాళ్ల ప్రపంచం పడమట మన తీరం దాకా, తూర్పున జపాను దాకా పరుచుకుని ఉందని, ఆ ప్రపంచమంతటినీ ఒక్క జంతువుగా ఊహించుకున్నారని నాకనిపిస్తుంది. ఇందులో మన పేరుంది, సంతోషించవచ్చు. దానికి దొంగ యాజమాన్యం అంటగట్టాల్సిన పనేముంది?

దయ్యాల్లో మొదటిది వెర్మాంట్‌లోని స్టో ఊళ్లో 1844లో కట్టిన గోల్డ్ బ్రూక్ వంతెనది. ప్రేమలో మోసపోయి అక్కడ చనిపోయిన ఎమిలీ అట. ఆమె ఎలా చనిపోయిందన్నది చెప్పేవాళ్లను బట్టి మారిపోతుంది. అంతకంటే దాని మీద టైమ్ వేస్ట్ చేయను.

రెండోది అయోవా రాష్ట్రం మాడిసన్ కౌంటీలోని రోజ్‌మన్ వంతెనది. దాన్ని మెసేజ్ కుదించి పాడుచేసింది కాబట్టి పూర్తిగా చెప్పాలి. వంతెన 1883 నాటిది. 1892లో జైలు నుంచి తప్పించుకున్న ఒకణ్ణి రెండు దండులు రెండు వైపుల నుంచీ వంతెనలోకి తరిమాయట. లోపల ఇరుక్కున్నవాడు ఒక్క కేక పెట్టి, పైకప్పు చీల్చుకుని పైకి లేచి మాయమైపోయాడు. మళ్లీ దొరకలేదు. మెసేజ్ ఇక్కడితో ఆపి "ఆత్మ ఇంకా తిరుగుతోంది" అంది. అక్కడివాళ్లు చెప్పుకునే కథకు అసలు ముగింపు వేరు. అంతటి అద్భుతం చేయగలిగినవాడు నేరం చేసి ఉండడు, నిర్దోషే అయి ఉంటాడని తీర్మానించారట. చేతికి చిక్కినట్టే చిక్కినవాణ్ణి కథలో వదిలిపెట్టిన ఊరు అది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఐదో పాయింట్ మనల్ని దీనికి సరిగ్గా ఎదురుదిక్కుకు తోస్తోంది.

పునాదికి మనిషిని బలిచ్చే కథలు లేవని నేననను. ఉన్నాయి, మన ఇళ్లలోనే ఉన్నాయి. కెంపేగౌడ కట్టించిన బెంగళూరు కోట ద్వారం నిలవడం లేదని కోడలు లక్ష్మమ్మ తనను తాను బలిచ్చుకుందని చెబుతారు. కోరమంగళలో ఆమె సమాధి ఉంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే, ఊరి కోసం ముసలమ్మ అనే కోడలు ఆ గండిలోకి నడిచిందని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి. గ్రీసులో ఆర్టా వంతెన కథ కూడా ఇలాంటిదే. పగలు కట్టింది రాత్రికి కూలిపోతుంటే మేస్త్రి భార్యనే గోడలో పెట్టి కట్టారంటారు. ఇవాళ్టికీ ఏ పని మొదలుపెట్టినా బూడిద గుమ్మడికాయ పగలగొట్టి కుంకుమ పూస్తాం. అది బలికి బదులని మన పెద్దవాళ్లే చెబుతారు.

కానీ ఈ మూడు కథల్లో పోయిందెవరో చూడండి. కోడలు, కోడలు, భార్య. ఎక్కడా దారిన పోయేవాడు దొంగ కాడు. కట్టడం నిలబడాలని కోరుకున్న ఇల్లే తన ఆడమనిషిని పోగొట్టుకుంటుంది. ఆ కథలు విని మన అవ్వలు ఏడ్చారు, పూజలు చేశారు, ఎవరినీ కొట్టడానికి బయల్దేరలేదు. మెసేజ్ ఆ దుఃఖాన్ని తీసేసి, నేరాన్ని తెచ్చి వీధిలో బెలూన్లు అమ్మేవాడి మీద పడేసింది.

దాని ఫలితం మా బెంగళూరు ఒకసారి చూసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో హోరెత్తింది. మన ఆంధ్రా, తెలంగాణ ఊళ్లలో పార్థీ ముఠా అన్నారు. బైకు మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయే వీడియో ఒకటి తెగ తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ణి తిరిగి దించేసి బోర్డు చూపించే చివరి ముక్కను కత్తిరించి పంపారు. ఆ మే 23న చామరాజపేటలో, పని వెతుక్కుంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన 26 ఏళ్ల కుర్రాణ్ణి కాళ్లూ చేతులూ కట్టేసి, వీధిలో ఈడ్చి, బ్యాట్లతో కొట్టి చంపారు. అతను ఏ పిల్లాణ్ణీ ముట్టుకోలేదు. కొట్టినవాళ్లూ మనలాగే ఫోన్లో వచ్చింది చదివి, పిల్లల మీద ప్రేమతోనే టెన్షన్ పడ్డవాళ్లు. మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వకుండా వాట్సాప్ లిమిట్ పెట్టింది ఆ జూలైలోనే. ఇంత జరిగాక, అదే బెంగళూరులో ఉంటూ, మెట్రో పనుల పక్కనే కాపురం చేస్తూ, ఈ పాయింట్‌ను మళ్లీ పంపడానికి చెయ్యెలా వచ్చింది?

కొంచెం ఆలోచించండి. పిల్లర్‌లో మనిషి దేహం ఉంటే కాంక్రీటులో ఆ మేర గుల్ల పడుతుంది, పిల్లర్ బలం తగ్గుతుంది. రేకుల షెడ్లలో ఉంటూ ఆ పిల్లర్లు కట్టే కూలీల పిల్లలు రోజంతా ఇసుక కుప్పల మీదే ఆడుకుంటుంటారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లే ఉంటే ముందు దొరికేది ఆ పిల్లలు. మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు. పైగా అనుమానించమన్నది వాళ్ల అమ్మానాన్నల్లాంటి వాళ్లనే.

వంతెనలు మనుషుల్ని తింటాయన్న మాటలో ఒక నిజముందని మాత్రం నేనూ అంటాను. 1907 ఆగస్టు 29న కెనడాలో కడుతున్న క్విబెక్ వంతెన కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. వంతెన సొంత బరువును తక్కువగా లెక్కేశారు, కింది దూలాలు వంగిపోయాయి. 2023 జనవరిలో మన నాగవార దగ్గర మెట్రో పిల్లర్ కోసం నిలబెట్టిన ఇనుప చట్రం రోడ్డు మీదికి ఒరిగి, బండి మీద వెళ్తున్న తల్లీ, ఆమె పసిబిడ్డా చనిపోయారు. పిల్లల గురించి నిజంగా భయం ఉంటే అడగాల్సింది ఆ చట్రానికి ఆధారం సరిగ్గా కట్టారా అని, కింద ట్రాఫిక్ ఎందుకు ఆపలేదని. దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి. దేవతకు బలి అనేస్తే జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటారు.

ఆరోది, మేకుల సంగతి. ఇథియెల్ టౌన్ 1820లో పేటెంట్ తీసుకున్న అల్లిక చట్రాల్లో చెక్క చీలలే బిగించేవారు. 1840లో విలియం హౌ పేటెంట్ తీసుకున్న చట్రంలో నిలువునా ఇనుప కడ్డీలుంటాయి. కొన్నిటికి అవును, కొన్నిటికి కాదు.

ఐదోది తీసేసి మిగతావి పంపుకుంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు, గుర్రాల గురించి తప్పుగా తెలిస్తే ఎవరికీ దెబ్బ తగలదు. ఇప్పటికే పంపేసి, డిలీట్ చేసే టైమ్ దాటిపోయినవాళ్లు అదే గ్రూపులో "ఐదో పాయింట్ అబద్ధం, నమ్మి ఎవరి మీదా చెయ్యి చేసుకోకండి" అని ఒక్క లైను రాయండి. ఫోన్ చేసి చెబితే మా పిన్ని నిన్నే రాసేసింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకా ఎవరూ రాయలేదు.