లైసెన్సు లేని బోల్టుగారు

కంపెనీలు వేలంలో వేల కోట్లు పోసి కొన్న స్పెక్ట్రమ్ (ఫోన్ సంకేతాలు మోసే రేడియో తరంగాలు) మీద పైసా కట్టకుండా, దరఖాస్తయినా పెట్టకుండా ప్రసారాలు సాగిస్తున్న మహానుభావుడెవరయ్యా అంటే, మన కోస్తా ఒడ్డున సెల్‌ఫోన్ టవర్ల మీద ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టుగారు.

ఆయన ప్రజ్ఞ సామాన్యమైనది కాదు. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అనే తరంగాల వరసలో టవర్ 930, 955 మెగాహెర్ట్జ్‌ల మీద రెండు సంకేతాలు పంపుతున్నదనుకుందాం. తుప్పు పొరలో విద్యుత్తు తిన్నగా నడవదు కనుక ఆ రెండూ కలగలిసి, మొదటిదాని రెట్టింపులోంచి రెండోది తీసివేయగా మిగిలే 905 మీద మూడోది పుడుతుంది. మన ఫోన్ల మాట కోసం టవర్ చెవి ఒగ్గి కూర్చునేది సరిగ్గా ఆ 880–915 మధ్యనే. అందుకే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, అవతలివారి మాట చక్కగా వినిపిస్తుంది, మన మాట మాత్రం ఆ మూడోదాని రొదలో మునిగి టవర్‌కు చేరదు. ఫిర్యాదు చేస్తే (అది వారికి వినిపిస్తే) కస్టమర్ కేర్ వారు, "మీ ఏరియాలో సిగ్నల్ ఫుల్‌గా ఉందండీ, ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని సెలవిస్తారు. ఫోన్ ఆపితే బోల్టు తుప్పు రాలుతుందన్న శాస్త్రం ఏ కళాశాలలో చెబుతున్నారో తెలిస్తే నేనూ చేరుదును.

బోల్టు మార్చడమంటారా, అది రాజ్యాంగ సమస్య. సమావేశంలో టవర్ కంపెనీ ఇనుము మాదే గాని తుప్పు మాది కాదంటుంది. యాంటెన్నా మాది, దాన్ని పట్టుకున్న బోల్టు వారిదని ఆపరేటర్ అంటాడు. తాను బిగించిననాడు అది తళతళలాడిందని కాంట్రాక్టర్ ఫొటో చూపిస్తాడు. ఉప్పు సముద్రానిది కనుక నోటీసు బంగాళాఖాతానికే పంపాలని తేల్చి, చిరునామా వెదకడానికి ఉపసంఘాన్నీ, ఉపసంఘానికి టీ ఖర్చులనూ మంజూరు చేస్తారు. ఈలోగా ఫిర్యాదులు పెరిగాయి గనుక టవర్ పవర్ పెంచుతారు. పవర్ 1 డెసిబెల్ (సంకేత బలానికి కొలమానం) పెరిగితే ఆ మూడో సంకేతం లెక్క ప్రకారం 3 డెసిబెళ్లు పెరుగుతుంది. బోల్టుగారికి జీతం పెంచినట్టే.

చేయవలసిన పని రహస్యమేమీ కాదు. యాంటెన్నాకు తీగ కలిపే కనెక్టర్ విప్పి శుభ్రపరచి, 7/16 రకమైతే సుమారు 25 న్యూటన్ మీటర్లకు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, తడి చేరకుండా టేపు చుట్టి, యాంటెన్నా ఎదుటి తుప్పు రేకులు తొలగించి, రెండు 20 వాట్ల సంకేతాలు పంపి తిరిగివచ్చే చెత్త ఎంతో కొలవాలి. దానికి ఐఈసీ 62037 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది, యంత్రాలున్నాయి. సబ్‌కాంట్రాక్టర్ పైకెక్కించిన కుర్రాడి చేతికి మాత్రం మామూలు స్పానర్ ఇస్తారు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను మూగబరిచినప్పుడు గాలిని తిట్టుకున్నాం, సరే. ఆకు కదలని రోజున, ఇంజను ఆగిన పడవలోంచి మత్స్యకారుడు గొంతు చించుకుంటుంటే, ఆ కాస్త సంకేతాన్నీ ఒక తుప్పు బోల్టు మింగేయడం ప్రకృతి వైపరీత్యమా? సిగ్గులేని దోపిడీ అది. అతని రీచార్జి డబ్బులు ముందే పుచ్చుకున్నారు. ప్రతి తీరప్రాంత టవర్ గేటు మీదా ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో, ఎంత వచ్చిందో రాయించండి. రాయనివారిని వచ్చే వేలం గుమ్మం తొక్కనివ్వకండి.