చిట్టీ నడిపేవాడే అసలు మేస్త్రీ

కార్మికుల స్నేహాలు ఉత్పత్తిని ఎంత నడిపిస్తాయో చెప్పడానికి, నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీలో కార్మికుల పని మీద జరిగిన ప్రయోగాలను తీసుకున్నారు. బాగుంది. కానీ నాకు నచ్చే ముక్క వదిలేశారు. 1931-32లో అక్కడ ఓ గదిలో 14 మంది పనిని గమనించారు. ఎవడైనా మరీ జోరుగా చేస్తే పక్కవాడు భుజం మీద ఒక్కటిచ్చేవాడు. ఎక్కువ చేస్తే కూలి రేటు తగ్గించేస్తారని వాళ్ల భయం.

విజయనగరం దగ్గర గోగునార మిల్లులో పదకొండేళ్లు చేశాను. మా దగ్గర గుద్దులు లేవు గానీ, "ఏటి మావా, మిల్లు నీ పేర రాసిచ్చేత్తారేటి?" అనేవారు. అంతే, చెయ్యి నెమ్మదించేది.

బదిలీ వర్కర్‌కి, అంటే రాని వాళ్ల బదులు ఆ రోజుకి పనిచేసేవాడికి, పని దొరకాలంటే ఈ రోజు ఎవరు రావడం లేదో ముందే తెలియాలి. ఆ కబురు ఆఫీసులో దొరకదు, గేటు ఎదురు టీ కొట్టులో దొరుకుతుంది. మా చిట్టీ నడిపే పెద్దాయనకి ఎవరింట్లో పెళ్లి, ఎవరికి జ్వరం, అన్నీ తెలుసు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమాను జాతర కదా, ఆ రోజు ఎవరి షిఫ్టు ఎవరు చేయాలో ఆయనే తేల్చేవాడు. సూపర్‌వైజర్ సంతకం ఆ తర్వాతే.

ఇదంతా మంచేనని అనను. మన ఊరోడు, మన కులపోడు అన్నదే ముందు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడికి ఆరు నెలలు ఎవరూ కబురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు మా అబ్బాయి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. టీ కొట్టు బదులు వాట్సాప్ గ్రూపు. కాంట్రాక్టర్ మారితే గ్రూపూ మారుతుంది. చిట్టీ మాత్రం వేసుకోరట, ఎవడు ఎన్నాళ్లుంటాడో తెలీదని.