నాలుగు గీతల కాపీ పుస్తకం గారికి

నల్లగొండ

మహారాజశ్రీ నాలుగు గీతల కాపీ పుస్తకం గారి సముఖమునకు, ఒక ఎల్‌కేజీ విద్యార్థిని తల్లి నమస్కరించి చేసుకొను విన్నపం ఏమనగా—

తమరు జూన్‌లో ఫీజు రసీదు వెంట కట్టలో బిగించుకుని మా ఇంటికి విచ్చేశారు. అట్ట వేశాం. పేరు చీటీ అంటించాం. నూనె చేతులు తగలకుండా అలమరా పై అరలో కూర్చోబెట్టాం. మా ఇంట్లో నాలుగేళ్ల మనిషికి కూడా ఇంత మర్యాద జరగదు. ఆ మనిషి తరఫునే ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. తనే చెప్పుకోవచ్చు కదా అంటారేమో, తన చెయ్యి ప్రస్తుతం తమరి సేవలో తీరిక లేకుండా ఉంది.

తమరి పై గీత ఎరుపు, అడుగు గీత ఎరుపు, నడుమ రెండు నీలం. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి తోక ఎంతవరకు దిగాలో అంతా ముందే నిర్ణయించి ఉంచారు. మా అమ్మాయి రాసిన చిన్న ‘జి’ తోక అడుగు ఎర్ర గీతను దాటి, కింది వరుసలో ఉన్న ‘హెచ్’ నెత్తిని తాకింది. టీచరమ్మ దాని చుట్టూ సున్నా చుట్టి, ‘పేజీ మొత్తం మళ్లీ రాయించగలరు’ అని డైరీలో రాసి పంపారు. దేశ సరిహద్దు దాటినవాళ్లను కూడా ముందు పేరూ ఊరూ అడుగుతారు. తోక దాటిన అక్షరానికి ఆ పాటి విచారణ కూడా లేదు.

తమరు కాగితం జాతి కనుక ఎముకల సంగతి తెలియకపోవచ్చు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నాలుగేళ్ల పిల్లల్లో వాటిలో సగం వరకు ఇంకా గట్టిపడని మృదులాస్థే. ఎక్స్‌రే తీస్తే ఆ చోట ఖాళీ కనిపిస్తుంది. వేళ్లను కదిపే చిన్న కండరాలు కూడా అప్పుడప్పుడే పని నేర్చుకుంటూ ఉంటాయి. అలాంటి చేతికి తమరు అప్పగించే పని, సన్నటి పెన్సిలు పట్టి, రెండు నీలం గీతల ఇరుకులో, ఒకే అక్షరాన్ని పేజీ అడుగు దాకా దింపడం. మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తా ఎత్తించేముందు మనిషి వయసు చూస్తారు. తమరి మిల్లులో ఆ పట్టింపు లేదు.

అయితే నా అసలు ఫిర్యాదు చేతి గురించి కాదు, చెవి గురించి. అక్షరమంటే తమరి లెక్కలో గీతల మధ్య పట్టే ఒక వంకర. పిల్లల లెక్కలో అది ముందు ఒక చప్పుడు. ఆ చప్పుడును వాళ్లు నోట్లో వేసుకుని చప్పరించాలి, సాగదీయాలి, తిరగేయాలి, దానితో నవ్వాలి. కొంతకాలం ఆ వినోదం నడిచాక, ‘ఇంతకూ దీన్ని ఎలా రాస్తారు?’ అని వాళ్లే అడుగుతారు. తమరు ఆ ప్రశ్న పుట్టకముందే జవాబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

తమరికి తెలియకుండా మేం చేస్తున్న పనులు ఇప్పుడు బయటపెడతాను.

మా మొదటి తరగతి గది నల్లగొండ బస్టాండు. బస్సు కోసం కూర్చున్నంత సేపూ ఊళ్ల పేర్లకు చప్పట్లు కొడతాం. దే-వ-ర-కొం-డ, ఐదు చప్పట్లు. సూ-ర్యా-పే-ట, నాలుగు. హా-లి-యా, మూడు. నల్లగొండకూ దేవరకొండకూ రాచకొండకూ చివరి ముక్క ఒకేలా మోగుతుందని పిల్ల తనంతట తానే పట్టేసింది. ‘అన్నీ కొండలేనా?’ అని అడిగి, మా ఇంటి వెనక బండరాయికి కూడా ఏదో కొండ అని పేరు పెట్టింది. పదాన్ని ముక్కలు చేయడం, ఒకేలా మోగే ముక్కను గుర్తుపట్టడం చదువుకు మొదటి మెట్లని పిల్లల చదువు మీద పనిచేసేవారు చెబుతారు. దీనికి అయ్యే ఖర్చు పక్కన కూర్చున్న ప్రయాణికులు మనల్ని ఎగాదిగా చూడటం మాత్రమే.

నకిరేకల్ దగ్గర పేచీ వచ్చింది. న, కి, రే, క... చివరి ‘ల్’కు చప్పట్లు కొట్టాలా, వద్దా? కొడితే ‘నకిరేకల్లు’ అవుతుంది. కొట్టకపోతే ‘ల్’ అలిగి కూర్చుంటుంది. పిల్ల తల పైకెత్తి, ‘దీనికి చప్పట్లు వద్దు, చిటికె చాలు’ అని తీర్పు చెప్పింది. తమరు నెలల తరబడి నేర్పలేని సంగతి ఆ చిటికెలో ఉంది. అదెలాగో వివరిస్తాను.

తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. ‘క’ పేరు క, పలికేదీ క. ఇంగ్లిషు పెద్దమనుషులకు పేరొకటి, పని ఒకటి. ‘డబ్ల్యూ’ అన్న అంత పొడవైన పేరులో అది పలికే చప్పుడే లేదు. ‘సి’ పేరు ‘సీ’, ‘క్యాట్’లోనూ ‘కప్’లోనూ పలికేది ‘క్’. ఇరవై ఆరు అక్షరాలు కలిసి సుమారు నలభై నాలుగు శబ్దాల బరువు మోస్తున్నాయి. అందుకే పేర్లు పక్కనపెట్టి శబ్దాలు నేర్పమంటుంది ఫోనిక్స్ పద్ధతి. మాట బాగుంది. కానీ తెలుగు పిల్లల నోట దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది: బస్సు, పెన్ను, కప్పు. ఒట్టి ‘బ్’ అనమంటే ‘బ’ అంటారు. ‘బ్యాట్’ కోసం ‘బ’, ‘అ’, ‘ట’ కలిపితే ఏ భాషలోనూ లేని ‘బఅట’ తయారవుతుంది. మా వీధి చివర కొత్తగా తెరిచిన ఫోనిక్స్ క్లాసులో నెలకు ఇంత అని కట్టించుకుని పిల్లలందరిచేత సామూహికంగా ‘బఅట’ అనిపిస్తున్నారు. కిటికీలోంచి వినబడుతుంది.

మేం ఆడేది తోక కోసే ఆట. రెండు వేళ్లు కత్తెరగా పట్టుకోవాలి. నేను ‘బస్సు’ అంటాను, పిల్ల తోక కత్తిరించి ‘బస్’ అంటుంది. పెన్ను, పెన్. కప్పు, కప్. పిన్ను, పిన్. మిగిలిన చివరి చప్పుడు మన నకిరేకల్‌లోని చిటికె లాంటిదే. అది చెవికి చిక్కాక మాటను వెనక నుంచి ముందుకు విప్పడం తేలిక: బ్, అ, స్. ఆ తరువాత వాకిట్లో తొక్కుడు బిళ్ళ గళ్లు గీసి, వాటిలో ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ రాస్తాం. ఫోనిక్స్ నేర్పేవారిలో చాలామంది ఈ ఆరింటితోనే మొదలుపెడతారు, వీటితోనే బోలెడు చిన్న మాటలు కట్టవచ్చు కనుక. గడి గడికీ శబ్దం పలుకుతూ గెంతాలి. ప్, ఇ, న్ అంటూ మూడు గెంతులు గెంతితే పిన్ను. ట్, ఇ, న్ అయితే చక్కెర డబ్బా. ట్యాప్ అంటే మన నల్లా అని తెలిసిన రోజు నల్లా దగ్గరికి పరుగెత్తి దానికే ఆ సంగతి చెప్పి వచ్చింది.

ఇక గోడ మీద వేలాడే తమరి చుట్టం, అక్షరాల చార్టు గారు. ఆయన ‘ఐ’ దగ్గర ఇగ్లూ బొమ్మ వేసుకున్నారు. మే నెలలో నలభై నాలుగు డిగ్రీలు కూడా దాటే ఊళ్లో, మంచు ఇటుకల ఇల్లు. ‘వై’ దగ్గర హిమాలయాల జడల బర్రె. తెలుగు చార్టు గారూ తక్కువ తినలేదు: ‘ఝ’కు ఝషం. ఝషమంటే చేపట. ఉదయసముద్రం చెరువు గట్టున చేపలమ్మే ఆమెను ఝషం కిలో ఎంత అని అడిగి చూడండి, తెలుస్తుంది. మేం సొంత చార్టు తయారు చేస్తున్నాం. ‘బ’ అంటే బత్తాయి, నల్లగొండ పిల్లకు అంతకంటే దగ్గరి బంధువు ఎవరు? ‘ఊ’ అంటే ఊడ, పాలమూరు పిల్లలమర్రిలో చూసి వచ్చింది. ‘ఛ’ అంటే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పగలంతా లింగం మీద నిలిచి ఉండే ఆ స్తంభం నీడను చూశాక, ‘ఆ నీడ ఇంటికి వెళ్లదా?’ అని మా అమ్మాయి అడిగింది. ‘ఛ’ తనకు ఇక ఈ జన్మలో మరిచిపోవడం కుదరదు.

రాత పని కూడా జరుగుతోంది, తమరు కంగారు పడకండి. సంక్రాంతికి మా అత్తమ్మ సకినాలు చుట్టేటప్పుడు పిల్ల పక్కనే చేరింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పిడికిట్లోంచి సన్నగా జారుస్తూ, వేళ్లతో మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు పెట్టాలి. పెద్దవాళ్లకే అంత తొందరగా పట్టుబడని విద్య. పిల్లకు చుట్టు రాలేదు కానీ ఒక సున్న వచ్చింది. నానమ్మ దానికి తలకట్టు పెట్టి ‘ర’ అంది. మధ్యలో ఒక నువ్వు గింజ అద్ది ‘ఠ’ అంది. చార్టులో కంఠం దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చునే ‘ఠ’ మా ఇంట్లో కరకరలాడుతూ నూనెలోంచి తేలింది. చింతగింజలతోనూ ఇదే వరస. ‘ద’ పేర్చి, కింద చిన్న గీత పెడితే ‘ధ’, దాని కడుపులో ఒక గింజ వేస్తే ‘థ’. వరస ప్రకారం అ నుంచి ఱ దాకా నడిపించకుండా ఇలా పోలికలున్న అక్షరాలను ఒక కుటుంబంగా కూర్చోబెడితే తికమక కూడా ఆటలో భాగమైపోతుంది.

ఇవేవీ నా కనిపెట్టుళ్లు కావు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో బడి తెరిచి, గరుకు కాగితంతో కోసిన అక్షరాలను పిల్లల చేత వేలితో తడిమించి శబ్దం పలికించింది. 1939లో ఆమె మద్రాసుకూ వచ్చింది. అంతకు చాలా ముందే, 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఆ జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి నివేదిక పంపుతూ, అక్కడి పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారని రాశాడు. అంటే తమరి కంటే ఇసుక సీనియరు. పైగా ఇసుకకు అట్ట వేయనక్కరలేదు, తప్పు రాస్తే అరచేత్తో తుడిచేయవచ్చు, ఎర్ర సిరా ఇంకిపోతుంది.

ప్రభుత్వం కూడా తమరి పక్షాన లేదు, గమనించారా? 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. 2022 అక్టోబరులో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వెలువడింది; ఆటే అందులో ప్రధాన పద్ధతి. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథల కార్డులతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెనూ తెచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను, చేర్చుకునేముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టరాదంటుంది. అయినా మా అమ్మాయిని చేర్పించడానికి వెళ్లిన ఒకచోట, పేరెందుకు లెండి, ‘ఏ నుంచి జెడ్ దాకా రాసి చూపించమ్మా’ అన్నారు. అది పరీక్ష కాదట, పరిచయమట.

తమరి బలమంతా మాలోనే ఉందని నాకు తెలుసు. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీల్లో పిల్లలు పాడతారు, గెంతుతారు, కథలు వింటారు. ‘అక్కడ ఏం చెబుతారండీ, ఆడిస్తారంతే’ అని ముక్కు విరిచేది మేమే. ఇంటికి చుట్టాలు వస్తే ‘ఏబీసీడీలు చెప్పమ్మా’ అని పిల్లను గది మధ్యలో నిలబెట్టేదీ మేమే. చెవి ఎంత పదునెక్కిందో చుట్టాలకు చూపించలేం. నిండిన పేజీలు చూపించవచ్చు. బడి వాళ్లు మాకోసం పేజీలు నింపిస్తారు, మేం బడి కోసం ఇంట్లో నింపిస్తాం, మధ్యలో తమరు ఏటా కొత్త అట్టతో అచ్చవుతారు. పక్కింటి వదిన మొన్న గోడ మీదుగా, ‘మావాడు రెండో పుస్తకం పూర్తి చేశాడు, మీ పిల్లది ఎంతవరకు వచ్చింది?’ అని అడిగింది. ‘నకిరేకల్ దాకా’ అని చెప్పాను. ఇంతవరకు మళ్లీ పలకరించలేదు.

ఇప్పుడు ఒప్పందం సంగతి. తమరిని చింపబోను, పాత పేపర్లతో తూకానికి వేయబోను. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని కేంద్ర ప్రభుత్వమే అంటోంది కదా, అప్పటిదాకా తమరి గీతల పని ఆగుతుంది. పేజీలు మాత్రం ఖాళీగా ఉండవు. వాటిని అడ్డంగా తిప్పి, రెండు ఎర్ర గీతలను కాలువ గట్లు చేసి మా అమ్మాయి ఇప్పటికే సాగర్ ఎడమ కాలువ గీసింది. అందులో ఝషాలున్నాయి. డైరీలో అడిగిన హోంవర్కు స్థానంలో ఆ పేజీనే పంపుతున్నాను. ఎర్ర సిరాతో సున్నా చుట్టి వస్తే, దానికి తలకట్టు పెట్టి ‘ర’ చేస్తాం.

ఇట్లు,
ఒక ఎల్‌కేజీ తల్లి

తాజా కలం: తమరితో పాటు అదే కట్టలో కలిపిరాత పుస్తకం కూడా వచ్చింది. విడి అక్షరమే నిలబడలేని చేతికి గొలుసు అక్షరాలు ఎందుకో ఆయన్ను విడిగా అడగాలి. ఈ ఉత్తరం చదివాక ఆయనకు కూడా అందించగలరు. సంతకం చేయకుండా తిప్పి పంపవద్దని చెప్పండి.